ఇంజను ఆపి తోసుకుపోయిన దారి

మిషన్ ఆసుపత్రి దొర తన దేశానికి వెళ్ళిపోతూ తన మోటారు సైకిలును నాకిచ్చి వెళ్ళాడు. ఇంగ్లండులో తయారైన పాత బండి. ఒకటే సిలిండరు, ట్యాంకు పక్కన చేత్తో మార్చే గేరు, ముందు పెద్ద దీపం. నేనక్కడ కాంపౌండరును. దొర ఉన్నన్నాళ్ళూ దాన్ని విప్పి, తుడిచి, బిగించింది నేనే. పల్లెలకు మందులు చేర్చే పనీ నాదే. అందుకే ఆసుపత్రిలో ఎవరికీ అది వింతగా తోచలేదు. వింతగా తోచింది మా ఊరికి.

ఆసుపత్రి నల్లమల అంచున, అహోబిలం పోయే బాట మీద ఉండేది. మా ఊరు దానికి కాస్త ఇవతల. మా తాతల కాలంలోనే మా పేటంతా క్రైస్తవులయ్యారు. ప్రార్థన మందిరం కట్టుకున్నాం, బడి పెట్టుకున్నాం. అయినా ఊరు మమ్మల్ని పాత పేరుతోనే పిలిచేది. ఊరివాళ్ళ పొలాల్లో కూలి చేసేవాళ్ళం. ఊరి వీధిలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాళ్ళం. పేట నుంచి ఆసుపత్రికి పోవాలంటే ఆ వీధిలోంచే పోవాలి.

నేను బండెక్కి పోయిన మొదటి రోజే చావడి దగ్గర ఆపారు. ఊరికి పెద్ద అయిన రైతు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కోపంగా కూడా లేడు.

"నీ బండిని మేము వద్దంటామా? ఊరు దాటినాక ఎక్కి పో. ఈడ మాత్రం ఇంజను ఆపి తోసుకొని పో" అన్నాడు.

తోశాను. అది మామూలు సైకిలు కాదు, ఇనుప ముద్ద. వీధి చివర ఎత్తు ఎక్కేసరికి చొక్కా ఒంటికి అంటుకుపోయేది. అరుగుల మీదున్నవాళ్ళు "ఏమిరా, బండి నిన్ను మోస్తాదా, నువ్వు బండిని మోస్తాండావా?" అని నవ్వేవారు. రోజూ అదే మాట, రోజూ అదే నవ్వు.

ఊరు దాటాక మాత్రం బాట నాది. ముఖ్యంగా ఫాల్గుణంలో. జొన్న కోసేసిన నల్లరేగడి చేలు బీటలు తీసి ఉండేవి. ఎండిపోయిన ఆ నేల మీద మోదుగచెట్లు ఒక్క ఆకైనా లేకుండా ఎర్రగా పూసేవి. కానుగలు లేత చిగురు వేసేవి. పొద్దు పొడిచే వేళ కొండవైపు గాలి ఇంకా చల్లగానే ఉండేది. ఒక మలుపు తిరగ్గానే ఇప్పపూల వాసన మొహానికి తగిలేది. అహోబిలం తిరునాళ్ళకు నడిచిపోయేవాళ్ళు బండి చప్పుడు విని పక్కకు జరిగి, నాకు దండం పెట్టేవారు. నేనెవరో వాళ్ళకు తెలియదు. తెలియనంతసేపూ నేను బాగానే ఉండేవాణ్ణి.

ఆదివారం ప్రార్థన అయ్యాక బండిని వేపచెట్టు కింద పెట్టుకుని కూర్చునేవాణ్ణి. సిలిండరు మూత విప్పి, వెదురు పుల్లతో లోపలి మసి గీకేవాణ్ణి. ప్లగ్గు కడిగి ఎండబెట్టేవాణ్ణి. గొలుసును కిరసనాయిల్లో నానబెట్టి, తుడిచి, మళ్ళీ చమురు పట్టించేవాణ్ణి. రాలిన వేపపూత చమురు చేతులకు అంటుకునేది. ఆ బండికి ఇంజనులోకి చమురు దానంతటది పోదు. ట్యాంకు మీద చిన్న పంపు ఉంటుంది. కొంత దూరం పోయాక ఒకసారి చేత్తో దాన్ని నొక్కాలి. నాకది ఊపిరి తీసుకున్నంత అలవాటైంది.

ఆ తర్వాతి ఏడాది వసంతంలో ఒక ఉదయం పెద్ద రైతు చిన్న కొడుకు మా పేట దాకా పరుగెత్తుకొచ్చాడు. వాడు పేటలో అడుగు పెట్టడం నేనెప్పుడూ చూడలేదు.

"ఆసుపత్రి డాక్టరమ్మను పిల్చుకొని రా! మా వదినకు నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగినాదంట. శానా కష్టంగా ఉండాది" అన్నాడు.

"వీధిలో తోసుకొని పోవల్ల కదా" అన్నాను.

"ఎక్కి పోరా సామీ! ఇప్పుడు నిలబడి మాట్లాడేదా!"

ఎక్కిపోయాను. చావడి ముందు నుంచి ఇంజను చప్పుడుతోనే పోయాను. తిరిగి వచ్చేటప్పుడు వెనక డాక్టరమ్మ, ఆమె ఒళ్ళో మందుల సంచి. జనం గోడలకు అంటుకుని దారి ఇచ్చారు. ఆమె దిగేటప్పుడు పెద్ద రైతే వచ్చి బండి కదలకుండా పట్టుకున్నాడు. మధ్యాహ్నానికి తల్లీ బిడ్డా గండం గడిచి బయటపడ్డారు. మగబిడ్డ. "చల్లగుండప్పా" అన్నాడాయన నాతో. ఆ "అప్పా" అనే మాటను ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. మాకది పెద్ద విషయమే.

కొన్నాళ్ళకు మళ్ళీ అదే వీధిలో దిగకుండా, మెల్లగా పోతున్నాను. ఆయన అరుగు దిగి అడ్డం వచ్చాడు.

"ఆ పొద్దు అవసరం పడె, ఒప్పుకుంటిమి. దాన్ని అలవాటు చేసుకుంటావా?"

"మనవడు బాగుండాడా అయ్యా?"

"బాగుండాడు. దిగు."

దిగలేదు. ఎందుకు దిగలేదో ఇప్పటికీ నాకు సరిగా తెలియదు. హేండిలు పక్కకు తిప్పి, గేరు వేసి, ఆయన పక్కనుంచి పోయాను. ఊరు దాటాక మోదుగల కింద బాట ఎంత బాగుందో చెప్పలేను. అంత హాయిగా నేనెప్పుడూ బండి నడపలేదు.

మరునాడు పత్తి తీతకు పేట నుంచి ఎవరినీ పిలవలేదు. ఆ మరునాడూ అంతే. పక్క ఊరి కూలీలు వచ్చి చేలల్లో దిగారు. పేటలో పొయ్యిలు ఒక్కొక్కటే ఆరిపోతుంటే, నన్ను చూసి మొహం తిప్పుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. ఆసుపత్రికి వచ్చిన కొత్త దొరకు చెప్పుకున్నాను. ఊరి తగాదాల్లో ఆసుపత్రి దిగదన్నాడాయన.

చివరికి మా పాస్టరుగారు అమ్మను వెంటబెట్టుకుని వచ్చారు. "చిన్న కొడుక్కి నీ బండి మీద మనసుండాదంట. ఇచ్చేస్తే పెద్దాయన అంతా మర్చిపోతాడంట" అన్నారాయన.

"బండి పోతే పోయె నాయనా. కూలి పోతే మేమంతా యాడికి పోవల్ల?" అంది అమ్మ.

ఆమెను తప్పుపట్టలేను. పేటలో ఏ ఒక్కరినీ తప్పుపట్టలేను. అదే నాకు ఎక్కువ బాధ.

తెల్లారి బండిని తోసుకుంటూ తీసుకుపోయి, వాళ్ళ ఇంటిముందు నిలబెట్టాను. చిన్న కొడుక్కి గేరు చూపించాను, చమురు పంపు చూపించాను. "ఇది నొక్కకుంటే ఇంజను పట్టేస్తాది" అన్నాను. "తెలుసులేరా" అన్నాడు. ఆ రోజే పేటవాళ్ళు పత్తికి పోయారు.

ఎండలు ముదరకముందే కబురు వచ్చింది, బండి కదలడం లేదని. వాళ్ళ పశువుల కొట్టంలోకి కూడా నన్ను రానివ్వకుండా బండిని వీధిలోకి ఈడ్చుకొచ్చి పడేశారు. ఎండలో కూర్చుని విప్పాను. పిస్టను సిలిండరుకు కరుచుకుపోయి ఉంది. లోపలి గోడంతా గీతలు. అన్నేళ్ళు నేను మసి గీకిన చోటు అది. ఆ గీతలను వేళ్ళతో తడిమి చూశాను.

"చమురు పడలేదయ్యా. కొత్త సామాను కావల్ల. జర్మనీ యుద్ధం వల్ల ఇంగ్లండు నుంచి ఏమీ రావడం లేదు" అన్నాను.

"మా చేతికిచ్చేముందే నువ్వేదో చేసింటావ్‌రా" అన్నాడు పెద్దాయన. ఆయన మనవడు గడప దగ్గర చాప మీద కాళ్ళాడిస్తున్నాడు. లోపల్నుంచి ఎవరో వచ్చి, నా నీడ పడుతుందన్నట్టు వాణ్ణి ఎత్తుకుపోయారు.

నేను ఆసుపత్రి పని మానేసి డోన్ వెళ్ళిపోయాను. అక్కడ, యుద్ధంలో పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిచే బస్సుల షెడ్డులో చేరాను. మళ్ళీ మోటారు సైకిలు ఎక్కలేదు.

ఒకసారి పండక్కు ఇంటికి వచ్చి, ఆదివారం ప్రార్థనకు వెళ్ళాను. పాస్టరుగారు ప్రసంగంలో నా సంగతే ఎత్తారు. పొరుగువాడి మీద ప్రేమతో తనకు ఇష్టమైనదాన్ని ఇచ్చేసిన మన తమ్ముడు అన్నారు. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూసి తలలూపారు. నేను ఇయ్యలేదు, గుంజుకున్నారు, అని లేచి చెప్పాలనిపించింది. ఆడవాళ్ళ వైపు కూర్చున్న అమ్మ కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. వద్దన్నట్టు చాలా కొద్దిగా తల అడ్డంగా ఊపింది.

పాట మొదలైంది. అందరితో పాటు నేనూ లేచి నిలబడ్డాను. నోరు తెరిచాను కానీ పాడలేదు.