ద్వీపం పాస్‌పోర్టుకి ముందస్తు స్తోత్రం

లండన్ శివార్లలో, హౌన్స్‌లోలో మా తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌కి ఒక అలవాటు ఉండేది. వీసాకి అప్లై చేసినవాళ్ళు ఆదివారం ఆరాధనకి పాస్‌పోర్టు తెచ్చి ముందున్న బల్ల మీద పెట్టేవారు. పాస్టర్‌గారు దాని మీద చెయ్యి ఉంచి ప్రార్థించేవారు. వీసా ఇంకా రాకముందే, వచ్చేసినట్టే లేచి సాక్ష్యం చెప్పాలి. ఒకసారి చెప్పాక వెనక్కి తగ్గితే విశ్వాసం లేనట్టు లెక్క. నేనూ చెప్పినదాన్నే, కాదనను. కానీ మా ఆయన ఆ అలవాటుని నామీదే ప్రయోగిస్తాడని కలలో కూడా అనుకోలేదు.

బ్రెగ్జిట్ ఓటు జరిగిన ఏడు అది. గుంటూరు జిల్లాలో నాకు సర్కారు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు ఉద్యోగం ఉంది. జీతం లేని సెలవు పెట్టి, ఇక్కడి ఆసుపత్రిలో పనికి లండన్ వచ్చాను. సెలవు అయ్యాక వెళ్ళి మళ్ళీ చేరాలి. కాంట్రాక్టు మీద కాన్పుల వార్డులో ఏళ్ళ తరబడి గొడ్డుచాకిరీ చేసి పర్మనెంటు చేయించుకున్న ఉద్యోగం. అదంటే నాకు ప్రాణం. అమ్మాయిగా పుట్టినందుకు నన్ను చూసి పెదవి విరిచినవాళ్ళంతా ఆ ఉద్యోగం వచ్చాకే నన్ను 'నర్సమ్మగారు' అన్నారు. మా ఆయన నా వీసా మీదే వచ్చి, హీత్రో పక్కన కార్గో గోడౌన్‌లో పనిచేసేవాడు.

ఫెలోషిప్‌లో ఒక అంకుల్ ఇన్సూరెన్సులు చేయించేవాడు. ఆ ఏడు కొత్తగా పౌరసత్వం అమ్మడం మొదలుపెట్టాడు. ఎక్కడో సముద్రం మధ్య చిన్న ద్వీపదేశం. అక్కడి హోటల్లో వాటా కొంటే దేశమే పాస్‌పోర్టు ఇస్తుందట. ఫ్లాట్‌కి వచ్చి, నేను చేసిన కోడి పలావు రెండుసార్లు వడ్డించుకుని మరీ, నీలం సముద్రం బొమ్మలు చూపించాడు. ఐరోపాకి వీసా అక్కర్లేదన్నాడు, పిల్లల పిల్లలకి కూడా పనికొస్తుందన్నాడు. మామగారి స్థలం అమ్మిన డబ్బు బ్యాంకులో ఉంది కాబట్టి మా ఆయన కళ్ళు మెరిశాయి. నేను ఒక్కటే అడిగాను, మన ఇండియా పాస్‌పోర్టు ఏమవుతుందని. అది మామూలుగానే ఉంటుంది, ఇది రెండోది అంతే, అన్నాడు మా ఆయన. అంకుల్ పెరుగు కలుపుకుంటూ ఉన్నాడు. సరే, ఆలోచిద్దాం అన్నాను. అంతే, అంతకుమించి ఒక్క మాట అనలేదు.

తర్వాతి ఆదివారం ఆసుపత్రిలో నైట్ డ్యూటీ దిగి నేరుగా ఆరాధనకి వెళ్ళాను. నేను కూర్చునేసరికే మా ఆయన మైకు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మా కుటుంబానికి దేవుడు కొత్త దేశం ఇచ్చాడని, పొందుకున్నామని విశ్వసించి స్తోత్రం చెల్లిస్తున్నామని అంటున్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. బల్ల మీద రెండు పాస్‌పోర్టులున్నాయి. ఒకటి నాది. బీరువాలోంచి తీసుకొచ్చి పెట్టాడు, నాతో మాటమాత్రం చెప్పకుండా.

అప్పటికీ నోరు మూసుకునే కూర్చున్నాను. నా వెనక వరసలోంచి అంకుల్ ముందుకి వంగి, ధైర్యం చెప్పబోయాడు.

"సరెండర్ చేసేటప్పుడు కాస్త బాధగానే ఉంటుందమ్మా. మేం బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్నప్పుడు ఆంటీ కూడా ఏడ్చింది."

"ఏం సరెండర్ అంకుల్?"

"ఇండియా పాస్‌పోర్టు. రెండు దేశాల పౌరసత్వం ఉంచుకోనివ్వరు కదా మనవాళ్ళని. అబ్బాయికి మొదట్లోనే చెప్పానే."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఇండియా పౌరసత్వం లేనిదాన్ని సర్కారు ఆసుపత్రిలో గుమ్మం కూడా తొక్కనిస్తారా, ఉద్యోగిగా? ఆ సంగతి మా ఆయనకి తెలుసు. మొదట్నుంచీ తెలుసు. పాస్టర్‌గారు చెయ్యి చాపి కళ్ళు మూసుకున్నారు. నేను లేచి వెళ్ళి ఆయన చేతి కిందనుంచి నా పాస్‌పోర్టు తీసుకున్నాను. పాస్టరమ్మ నా వంక అదోలా చూసింది. మైకు అక్కర్లేకుండానే చెప్పాను:

"నాకు దేశం ఉందండీ. నా పేరు మీద స్తోత్రం చెప్పొద్దు."

బ్యాగు భుజాన వేసుకుని బయటికి వచ్చేశాను. దేవుడి మీద నాకు కోపం లేదు. ఆయన పేరు అడ్డం పెట్టుకుని నా నోరు కట్టేయాలని చూసిన మనిషి మీదే కోపం. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

బస్టాపు దాకా మా ఆయన నా వెనకే వచ్చాడు. అందరి ముందూ పరువు తీశానని మొదలుపెట్టాడు. నా ఉద్యోగం నన్నడక్కుండా బల్ల మీద పెట్టినవాడికి పరువు మాట ఎత్తే హక్కు లేదని గట్టిగానే అన్నాను. తెలియక చేశారా అని అడిగాను. తెలియక చేశానని ఆయనంటే, నిజం చెప్తున్నాను, నమ్మేద్దామనే అనుకున్నాను.

"ఆ ఉద్యోగం పోతే నువ్విక్కడే ఉంటావనుకున్నా," అన్నాడు.

"ఇండియా వెళ్ళొద్దని ఒక్కసారైనా నాతో అన్నారా?"

"అంటే వినవుగా."

బస్సొచ్చింది. ఆయన ముందు ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని నాకోసం సీటు ఉంచాడు. నేను ఇంటిదాకా నిలబడే వచ్చాను.