యేసయ్య ఆటోలో రెండు వందల రౌండ్లు

యేసయ్య ఆటో ఎక్కినవాళ్లు ఏ ఊరికి పోవాలన్నా ముందు అమెరికాకు పోవాల్సిందే. అక్కడ యాభై ఏళ్ల కింద ఒక పెద్ద కార్ల పందెం జరిగింది. అయిదు వందల మైళ్లు, రెండు వందల రౌండ్లు, నలభై కార్లు. ఆ పందెం మొదలుపెట్టకుండా యేసయ్య బండి కదిలించడు. పెళ్లికి పోయేవాళ్లకూ చెప్తాడు, చావుకు పోయేవాళ్లకూ చెప్తాడు. ఒకసారి పన్ను నొప్పితో దవడ పట్టుకుని కూర్చున్న పంచాయతీ సెక్రటరీకి కూడా చెప్పాడు. నొప్పి తట్టుకోలేక ఆయన "అబ్బా" అంటే, "గదే సార్, ఆ టైరు పేలినప్పుడు నేను గూడ గట్లనే అన్న" అని రెట్టింపు హుషారుతో అందుకున్నాడు.

బిజినేపల్లి నుంచి ఏడు కిలోమీటర్లు లోపలికి పోతే వాళ్ల ఊరు. వయసులో ఉన్నప్పుడు యేసయ్య నాలుగేళ్లు దుబాయిలో ఒక కార్ల షెడ్డులో బండ్లు కడిగాడు. షెడ్డు యజమానికి ఆ పందెమంటే పిచ్చి. గోడకున్న టీవీలో రోజూ అదే క్యాసెట్ తిరిగేది. ఇంగ్లీషు ముక్క రాకపోయినా ఏ రౌండులో ఏ కారు ఏ గోడకు రాసుకుందో యేసయ్యకు ఆదివారం ప్రార్థనలో వాక్యాల్లా కంఠతా వచ్చేసింది. డ్రైవర్ల పేర్లకు నోరు తిరగక తనే పేర్లు పెట్టుకున్నాడు. ఎర్రబండి దూకుడోడు, తెల్లబండి మీసాలాయన, పచ్చబండి ముసలాయన.

ఇంత పందెం కడుపులో పెట్టుకుని కూడా ఆటోను నలభై దాటనివ్వడు.

"కాకా, గంత పందెం జెప్తవు, జర తొందరగ పోరాదు?" అని ఎవరైనా అంటే, "గాళ్లకు టోపీలున్నయి, బెల్టులున్నయి. నీకేమున్నది?" అంటాడు. గొర్రెలు అడ్డమొస్తే "పసుపు జెండా!" అని అరిచి ఆపేస్తాడు. పందెంలో పసుపు జెండా ఊపితే ఎవరూ ఎవరినీ దాటకూడదట. ముందు గడ్డి ట్రాక్టరు పోతున్నా పసుపు జెండానే. నాగర్‌కర్నూల్ దాకా దాని వెనకాలే.

ఊరి ఆశా కార్యకర్త నిరోషకు ఈ పందెమంటే ఒళ్లు మంట. వారానికి రెండుసార్లయినా ఏ గర్భిణినో, ఏ పసిపిల్లనో తీసుకుని అదే ఆటోలో దవాఖానకు పోవాలి. పదహారో రౌండులో ఎర్రబండి టైరు పేలిన సంగతి ఎన్నిసార్లు విన్నదో ఏమో, ఒకనాడు మీటింగులో పెద్ద డాక్టరు "ఈ నెల టీకాలు ఎంతవరకు వచ్చాయమ్మా?" అంటే, "పదహారో రౌండు సార్" అనేసింది. మీటింగంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వుకు ఆమె యేసయ్యను క్షమించలేదు.

ఆ మార్చి నెలలో ఊరంతా పల్లిచేన్లు పీకుతున్నారు. ఉదయం పదింటికి యాదమ్మ తన రెండెకరాల చేనులో, పీకి పెట్టిన పల్లికట్టను ఎత్తబోయింది. కట్ట కింద నాగుపాము ఉంది. కుడి మణికట్టు మీద కాటేసి, చెలక గట్టు ఎక్కి పోయింది.

నిరోష ఉరికొచ్చేసరికి ఒకరు తువాలతో చేయి బిగించి కట్టబోతున్నారు, ఇంకొకరు బ్లేడు వెతుకుతున్నారు. ఇద్దరినీ తిట్టి పక్కకు నెట్టింది. యాదమ్మ గాజులు తీసేసి, చేయి కదలకుండా ఒక చెక్కకు వదులుగా కట్టింది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే అది వేరే కేసు మీద దూరం పోయింది, నలభై నిమిషాలు పడుతుందన్నారు. దవాఖాన ఇరవై రెండు కిలోమీటర్లు. ఆ వేళకు ఊళ్లో ఉన్న బండి ఒక్కటే.

"కాకా, నాగర్‌కర్నూల్ పెద్ద దవాఖాన. ఇయ్యాల పందెం గిందెం వద్దు. నీ కాళ్లు మొక్కుత" అంది నిరోష.

యేసయ్య ఆమె మాట విననే లేదు. యాదమ్మను వెనక సీటులో పక్కకు తిప్పి పడుకోబెట్టాడు. స్టార్ట్ చేస్తూ, "యాదమ్మ చెల్లే, నలభై కార్లు లైన్ల నిలవడ్డయి. అగో, పచ్చ జెండా ఊపిండు!" అన్నాడు.

నిరోష పళ్లు కొరుక్కుంది.

"నేను సచ్చిపోత యేసన్నా" అని యాదమ్మ ఏడుపు. "నా బర్రె నన్ను దప్ప ఎవర్ని దగ్గరికి రానియ్యదు. దానికి పాలు విండేటోళ్లెవరు?"

"గది తర్వాత. మొదలు ఎవడు ముందుగాల ఉరుకుతడో జెప్పు. ఎర్రబండా, తెల్లబండా?"

"నీ పందెం మన్నువడ!"

"మన్నే వడ్డది చెల్లే. పదహారో రౌండ్ల ఎర్రబండి టైరు పేలి ఒకటే మన్ను!"

నిరోష కళ్లు స్పీడు మీటరు ముల్లు మీద పడ్డాయి. నలభై. యాభై. అరవై. ఆ ఆటో అరవై పోగలదని ఆమెకు తెలియదు, ఆటోకు కూడా తెలియనట్టుంది, ఒంట్లోని రేకులన్నీ మొత్తుకుంటున్నాయి. మలుపు తిరగగానే రోడ్డు నిండా గొర్రెలు. రెండు వందలు ఉంటాయి. ఇక జెండా అని ఆపేస్తాడు, అంతే.

"ఇయ్యాల జెండా లేదు!" అని అరిచి యేసయ్య బండిని రోడ్డు దించాడు. పీకేసిన చేనులో పడి, గొర్రెల మంద పక్కనుంచి ఎగిరెగిరి పోయి, మళ్లీ రోడ్డెక్కాడు. నిరోష తన ఒంటితో యాదమ్మను సీటుకు అదిమి పట్టుకుంది.

"యాబై రౌండ్లయినయి. మీసాలాయన బండి ఏం రంగు చెల్లే?"

"తెలుపు."

"ముసలాయనది?"

"పచ్చ. గంతగనం అడుగుడేంది?"

బిజినేపల్లి దాటారు. మణికట్టు నుంచి వాపు పైకి పాకుతోంది. నిరోషకు ఓపిక చచ్చింది. "కాకా, నోరు మూస్తవా లేదా! మనిషి పాణం మీదికొస్తే పందేలు అడుగుతవా? మనిషివేనా నువ్వు?"

యేసయ్య తల తిప్పలేదు. "తొంబై రౌండ్లు. ముసలాయన బండి ఏం రంగు చెల్లే?"

"ప... ప్చ."

యేసయ్య గొంతు ఇసుమంత కూడా మారలేదు. "ఫోన్ దియ్యి బిడ్డా. ఇందాక పచ్చ అని సక్కగన్నది. ఇప్పుడు నాలిక మందమైంది. రెప్పలు జూడు, వాలుతున్నయా?"

ఇంతసేపూ నిరోష యాదమ్మ చేతి వాపునే చూస్తూ కూర్చుంది, ముఖం చూడలేదు. ఇప్పుడు చూస్తే యాదమ్మ రెప్పలు సగం దిగి ఉన్నాయి. ఎత్తబోతుంది, లేవడం లేదు. విషం ఊపిరి మీదికి వస్తోందని ట్రైనింగులో చెప్పిన గుర్తు అదే.

"దవాఖానకు జెప్పు. సూదిమందే గాదు, ఊపిరి మిషన్ గూడ తయారు పెట్టమను."

ఆమె నంబరు నొక్కి చెప్పింది. ఆ తర్వాత యాదమ్మకు మాట పోయింది. "నూట ఇరవై. చెల్లే, ఇనవడితే నిరోష చెయ్యి ఒత్తు." ఒత్తింది. "నూట యాబై." ఒత్తిందో లేదో తెలియనంతగా ఒత్తింది. నూట డెబ్బైకి ఆ చేతిలో ఏమీ లేదు. ఛాతీ మాత్రం కొద్దికొద్దిగా లేస్తోంది.

గేటు దగ్గర స్ట్రెచరు సిద్ధంగా ఉంది. యేసయ్య దాని పక్కన ఉరుకుతూనే ఉన్నాడు. "నూట ఎనబై రౌండ్లు చెల్లే! ఇంక ఇరవయ్యే!" లోపలి తలుపు అతని ముఖం మీద మూసుకుంది.

కాసేపటికి ఒక లేడీ డాక్టరు బయటికి వచ్చింది. "ముందే ఫోన్ చేసి మంచి పని చేశారు. గొంతులో గొట్టం వేసి మిషన్ పెట్టాం, మందు ఎక్కుతోంది. ఇప్పుడే ఏ మాటా ఇవ్వలేను" అని వెళ్లిపోయింది.

యేసయ్య బెంచీ మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్క మాట లేదు. అతను నోరు మూసుకోవాలని నిరోష ఎన్నేళ్లుగానో కోరుకుంది. తీరా మూసుకుంటే ఆమెకు ఊపిరాడలేదు.

"మాట మందమైతదని నీకెట్ల దెల్సు కాకా?"

"పాము కుట్టినోళ్లను తోల్కొచ్చుడు ఇది నాలుగోసారి. ఎట్లున్నదని అడిగితే బుగులువడి ఏడుస్తరు, బిడ్డా. పందెం అడిగితే తిట్టనన్న తిడ్తరు. మాట ఎట్లున్నదో ఇనొస్తది."

మధ్యాహ్నం బస్సుకు ఊరివాళ్లు ముగ్గురు వచ్చారు. లోపలినుంచి కబురు లేదు. ఆ మౌనం భరించలేక నిరోషే అడిగింది. "పోనీ గని, గా పందెం ఎవరు గెల్సిండ్రు?"

యేసయ్య కంటే ముందు అనిల్ అందుకున్నాడు. "ఎర్రబండోడక్కా. రెండుసార్లు గోడకు గుద్దుకున్నా లేసి గెల్సిండు." అనిల్ పోలీసు సెలక్షన్లలో రెండుసార్లు తప్పినవాడు.

"ఎవరు జెప్పిండ్రు నీకు?" అంది సత్యమ్మ. భర్త పోయి ఆమె ఒంటరిగా ఉంటోంది. "పచ్చబండి ముసలాయన. తోడు ఎవ్వరు లేకున్నా గెల్సిండు."

"మీరిద్దరు సక్కగ ఇన్లేదు" అన్నాడు వెంకటయ్య. ఆయన చేనులో బోర్లు రెండూ ఎండిపోయాయి. "మీసాలాయన గెల్సిండు. ఇంజన్ల సుక్క నీళ్లు లేకున్నా గెల్సిండు."

ముగ్గురి గొంతులూ లేచాయి. నర్సు వచ్చి కసిరింది. అందరూ యేసయ్య వైపు తిరిగారు. అతను మెడ గోక్కున్నాడు.

"నాకు తెల్వదు."

"ఏంది?"

"నూట ఎనబై రౌండ్లయినంక గా క్యాసెట్ మీద ఎవరో వంటల ప్రోగ్రాం రికార్డు జేసిండ్రు. కార్లు పాణం బెట్టి ఉరుకుతుంటయి, గంతల ఒకామె వచ్చి గిన్నెల గుడ్డు కొడ్తది. నాలుగేండ్లు గదే గుడ్డు."

"మరి నాకు అబద్ధం జెప్పినవా?" అంది సత్యమ్మ కోపంగా.

"అబద్ధమెట్లయితది అక్కా? ముసలాయన గెల్వలేదని గూడ నాకు తెల్వదు గద."

నిరోష ముఖం పక్కకు తిప్పుకుంది. ఆమెకు నవ్వొస్తోంది, ఆ తలుపు ముందు నవ్వకూడదు.

మర్నాడు సాయంత్రం యాదమ్మ రెప్పలు లేచాయి. మూడోనాడు గొట్టం తీశారు. అయిదోనాడు ఇంటికి పంపించారు.

అదే ఆటో. పక్కన నిరోష. బండి నాగర్‌కర్నూల్ దాటి నలభై మీదికి వచ్చింది. అద్దంలోంచి యేసయ్య యాదమ్మను చూస్తున్నాడు, ఈమెకు ఏ బండి సరిపోతుందా అని. నిరోష ఆ చూపును పట్టేసింది.

"చెల్లే, నూట ఎనబై రౌండ్లయినయి గద..."

"ఆగు" అంది యాదమ్మ బొంగురు గొంతుతో. "గది నాకు దెల్సు. లోపలికి తోల్కవోయిన్రు. కండ్లు తెర్వొస్తలేదు, ఏలు కదుల్తలేదు. గని నాకు అన్ని ఇనవడుతున్నయి. ఎంత బుగులైందో! ఏం జెయ్యాలె? నువ్వు ఇడిసిపెట్టిన కాడికెల్లి మిగిలిన ఇరవై రౌండ్లు నేనే తిప్పిన."

నలభై మీదున్న ముల్లు ముప్పైకి దిగింది. ఇరవైకి దిగింది. ఆటో రోడ్డు పక్కన ఆగిపోయింది. వెనకనుంచి బస్సు హారను కొట్టుకుంటూ దాటిపోయింది. యేసయ్య సీటులో పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చున్నాడు.

"ఎవరు గెల్సిండ్రు చెల్లే?"

యాదమ్మ కొంగు సర్దుకుని, కాళ్లు మడుచుకుని తీరిగ్గా కూర్చుంది. "గంత సప్పున ఎట్ల జెప్త? మొదలు బండి నడుపు. నూట ఎనబై ఒకటో రౌండ్ల ఏమైందంటే..."

"కాకా, జర మెల్లగ పోనియ్యి" అంది నిరోష, ముందుకు జరుగుతూ. "నేను గూడ ఇనాలె."