బోరు ఊరే దాకా

కళ్యాణదుర్గం బస్టాండు వెనక సందులో, టైలరు అంగడికీ ఎరువుల అంగడికీ నడుమ, మనిషి అడ్డంగా పడుకుంటే నిండిపోయేంత గదిలో హజరత్ వలి ముప్పై ఏండ్లు కూర్చున్నాడు. మొదట రేడియోలు, తర్వాత టేపురికార్డర్లు, ఆ తర్వాత టీవీలు. టీవీలు పల్చబడి గోడలెక్కాక వాటిని మోసుకొచ్చే వాళ్ళు తగ్గిపోయారు. అప్పుడు కంప్యూటర్లు పట్టుకున్నాడు. ఏది చేతికొచ్చినా అతని పద్ధతి ఒకటే. మూత విప్పగానే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. కాలిన వాసన వేరు, తడి వాసన వేరు, ఎలుక కాపురమున్న వాసన వేరు. "ముందర వాసన, తర్వాత మీటరు" అనేవాడు.

భార్య రంజాన్ బీ చనిపోయినప్పటి నుంచి మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోవడం మానుకున్నాడు. ఇల్లు నాలుగు వీధుల అవతలే. తాళం తీసి లోపలికి పోతే, తను చెప్పులు విడిచిన చప్పుడు తనకే గట్టిగా వినిపించేది. అంగట్లోనే ఒక రొట్టె తిని, తొందరగా తెమలని పని ఏదైనా ఉంటే బాగుండునని చూసేవాడు. కూతురు అనీసా అనంతపురంలో ఒక ప్రైవేటు కాలేజీ ల్యాబులో పని చేస్తుంది. ఫోనులో తండ్రి గొంతు విని ఏమనుకుందో, ఒక ఆదివారం బస్సెక్కి వచ్చి పెన్ డ్రైవ్ చేతిలో పెట్టింది.

"ఇది లినక్స్ నాయనా. పాత కంప్యూటర్లను నడిపేందుకే చేసిన చిన్న సిస్టం. మూలన పడినవి గూడా లేస్తాయి దీంతో."

లేచాయి. పదైదేండ్ల కిందటి డబ్బాలు కూడా నిమిషంలో తెర వెలిగించి నిలబడ్డాయి. ఆ చిన్న లినక్స్‌కు డిస్కుతో పెద్ద పని లేదు. మొత్తంగా మెమరీలోకి ఎక్కి కూర్చుని అక్కడే బతుకుతుంది. ఆపేటప్పుడు మాత్రం 'చేసిన పని దాచుకోనా?' అని అడిగి, అవునంటే రాసుకుంటుంది. హజరత్ వలికి ఆ అడగడం నచ్చింది. ఇంగ్లీషు కూడబలుక్కుని, వేలు పెట్టి చదివి, ఆరు నెలల్లో దాని గుట్టుమట్లన్నీ పట్టేశాడు.

అనీసా కాలేజీ వాళ్ళు పక్కన పడేసిన ఐదు కంప్యూటర్లను అట్లానే బాగుచేసి కృపాకుమారికి ఇచ్చాడు. ఆమె అనీసాతో చదువుకున్న పిల్ల. ఊరు గుమ్మఘట్ట మండలంలో ఒక పల్లె. బెంగళూరులో నాలుగేండ్లు గార్మెంట్స్ కంపెనీలో కాజాలు కుట్టి, నడుము పట్టేసి తిరిగొచ్చింది. పదో తరగతితో చదువు ఆగిన ఆడపిల్లలు ఊళ్ళో పద్నాలుగు మంది ఉన్నారు. వాళ్ళు కూడా అదే బస్సు ఎక్కకుండా తెలుగు టైపు, కంప్యూటరు పని నేర్పాలని ఆమె పట్టుదల. ఊరి చివర చర్చి పక్కన చాపలు పెట్టుకునే గది ఉంటే, సంఘ పెద్ద ఎర్రన్న కాళ్ళావేళ్ళా పడి అడిగి తీసుకుంది.

మూడు నెలలు బాగానే నడిచింది. ఆ తర్వాత రోగం మొదలైంది.

ఫిబ్రవరి నెలలో ఒక బుధవారం కృపాకుమారి షేర్ ఆటో దిగి, గోనెసంచిలో చుట్టిన కంప్యూటరు డబ్బాను బల్ల మీద పెట్టింది. అది మూడోసారి.

"మల్లా సచ్చిపోయింది మామా. పిల్లలు రెండు పేజీలు కొట్టినాక దభాలున ఆరిపోయి, మల్లా మొదటి నుంచి లేస్తాది. కొట్టిందంతా పాయె. మూడో నంబరైతే లేయను గూడా లేయదు, బొమ్మ బిగుసుకోని అట్లే నిలబడతాది."

"ఈడ పెడితే మూడు దినాలు ఆగకుండా నడిచె కదమ్మా?"

"నీకాడైతే బుద్ధిగా ఉంటాది. నాకాడికొస్తేనే దానికి దయ్యం పడతాది." ఆమె నవ్వబోయి ఆపేసింది. "ఎర్రన్న గడువు పెట్టినాడు. వచ్చే ఆదివారం ఆరాధన అయినాక సంఘం కూర్చుంటారంట. అప్పటికి ఇవి సరిగా పని చేయకుంటే పాత ఇనుము ఆటోకు ఎత్తించి, గదికి తాళం వేస్తానన్నాడు. ఇద్దరు పిల్లోళ్ళు అప్పుడే బెంగళూరు కంపెనీ బస్సు కోసం పేర్లు రాయించుకోని వచ్చినారు."

హజరత్ వలి మూత విప్పి వాసన చూశాడు. ఎర్రమట్టి దుమ్ము వాసన తప్ప ఏమీ లేదు. మెమరీ ముక్కను ఊడబెరికి, దాని బంగారు కాళ్ళను పిల్లల రబ్బరుతో తుడిచి మళ్ళీ నొక్కాడు. మెమరీ పరీక్ష పెడితే రోజంతా నడిచి ఒక్క తప్పు కూడా చూపలేదు. తెర బిగుసుకుంటుందంటే దాన్ని నడిపే డ్రైవరు ప్రోగ్రాము తకరారేమోనని, లేచేటప్పుడు దానికి చెప్పే వరసలో ఒక మాట చేర్చాడు. కెర్నల్ అనే లోపలి ముక్కను తీసి పాతది పెట్టాడు. అతని అనుమానమంతా దాని మీదే. జనవరిలో కొత్త వెర్షను వస్తే, బాగా నడుస్తున్న ఐదింటికీ ఆశపడి ఎక్కించింది తనే. రోగం ఆ తర్వాతే మొదలైంది. తన చేతులతో తనే చెడగొట్టానన్న మాట మనసులో ముల్లులా ఉండిపోయింది.

లినక్స్ వాళ్ళు ఒకరినొకరు అడుక్కునే ఇంటర్నెట్ రచ్చబండ ఒకటుంది. అక్కడ సంగతి రాశాడు. ఏ దేశం మనిషో, చచ్చిపోయే ముందరి లాగ్ పంపమని జవాబిచ్చాడు. లాగ్ అంటే కంప్యూటరు తనకు జరిగిందంతా వరసగా రాసుకునే చిట్టా. హజరత్ వలి వెతికాడు. లేదు. మెమరీలో బతికే సిస్టం కదా, డబ్బా ఆరిపోయినప్పుడు చిట్టా కూడా దాంతోనే పోయింది.

"సచ్చినోడు ఎట్ల సచ్చినాడో చెప్పి సస్తాడా?" అని పక్కంగడి టైలరుతో అన్నాడు. టైలరుకు ఏమీ అర్థం కాలేదుగానీ, నిజమేనన్నట్టు తలూపాడు.

శుక్రవారం పొద్దున అంగడి మూసి, డబ్బా చంకన పెట్టుకుని రాయదుర్గం బస్సెక్కాడు. ముప్పై ఏండ్లలో రోగి దగ్గరికి అతను పోవడం తక్కువ. వాళ్ళే వచ్చేవాళ్ళు.

గదిలో ఐదు బల్లలు, గోడకు ఏసుక్రీస్తు క్యాలెండరు, తల మీద ఒక ఫ్యాను. ఒక్కో బల్ల దగ్గర ఇద్దరేసి, ముగ్గురేసి పిల్లలు. డబ్బాను దాని చోట పెట్టి, ఏమీ ముట్టుకోకుండా మూలన స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏం చేస్తాండావు మామా?" కృపాకుమారి అడిగింది.

"ఏం చేయడం లేదు. చూస్తాండా."

"మూడు వారాల నుంచి నేనూ చూస్తానే ఉండా." ఆమె తన నోటుపుస్తకం చూపింది. ఏ నంబరు డబ్బా ఎన్నిసార్లు పోయిందో గీతలు గీసి పెట్టింది. రెండో నంబరు, మూడో నంబరు, ఐదో నంబరు. ఒకటీ నాలుగూ ఎప్పుడూ పోలేదు. ఎప్పుడు పోయిందో మాత్రం ఎక్కడా లేదు. జబ్బు డబ్బాలో ఉందని ఆమే కాదు, తనూ అనుకున్నాడు. డబ్బాకు గడియారంతో పనేముందని ఇద్దరికీ తోచలేదు.

పదీ ఇరవైకి రెండూ ఐదూ ఒక్కసారే ఆరిపోయాయి. మూడు బిగుసుకుంది. లహరి అనే పిల్ల తల పట్టుకుని, "అయ్యో, నా అర్జీ అంతా పాయె!" అని అరిచింది.

హజరత్ వలి కంప్యూటర్ల వైపు చూడలేదు. ఆ క్షణాన నడినెత్తి మీది గాలి ఒక్క రవ్వ పల్చనైనట్టు అనిపించి తలెత్తాడు. ఫ్యాను మామూలుగానే తిరుగుతోంది. కాసేపటికి బయట ఎక్కడో నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది. లేచి కిటికీ దగ్గరికి పోయాడు. గోడకు అవతలే చీనీకాయల తోట. తొట్టిలోకి పైపు నుంచి బొటనవేలంత ధార పడుతోంది. మోటరు చప్పుడే లేదు. ఏడు వందల అడుగుల లోతున మునిగి ఉన్న మోటరు పైకి ఎట్లా వినిపిస్తుంది?

"ఆ బోరు ఎవరిది?"

"పుల్లన్నది."

పావుగంటకు ధార ఆగిపోయింది. అతను ఫోనులో టైము చూసుకుని మళ్ళీ కూర్చున్నాడు. పదకొండూ ఇరవైకి ఈసారి ఫ్యాను మీదనే కన్ను పెట్టాడు. రెక్కలు ఒక్క ఊపిరి కుంగి లేచాయి. రెండు డబ్బాలు ఆరాయి. మూడోది బిగుసుకుంది. ఆ వెంటే నీళ్ళు పడ్డాయి.

పుల్లన్న తొట్టి గట్టు మీదే దొరికాడు. అరవై దాటిన మనిషి, ఎండకు వాడిన ముఖం. సంగతంతా విని అడ్డంగా తలాడించాడు.

"ఏమప్పా సాయిబూ, ఇనుప డబ్బాల కోసరం నా మోటరు ఆపమంటావా?"

"ఆపమనలేదన్నా. ఎప్పుడు ఆన్ అవుతాదో చెప్పమంటాండా."

"నేను ఆన్ చేసేది యాడిది? టైమరు పెట్టినాలే. పదైదు నిమిషాలు పోసేసరికి అడుగంటుతాది. మల్లా ముక్కాల్గంట ఊరాల. పోయినేడు దినమంతా పోసేది. సంక్రాంతి దాటినాక ఇట్లయింది." పుల్లన్న తొట్టిలోకి చూశాడు. "అరవై చెట్లు. కాపుకొచ్చిన చెట్లు. ఆపితే కట్టెలైపోతాయి."

సంక్రాంతి దాటాక. హజరత్ వలి లెక్క వేసుకున్నాడు. తను కొత్త వెర్షను ఎక్కించిందీ, బోరు నీరసించిందీ ఒకే వారం. నింద పడింది మాత్రం కెర్నల్ మీద.

చర్చి గదికి ఊరి స్తంభం దూరమని చేలో ట్రాన్స్‌ఫార్మరు నుంచే వైరు లాగారు. మోటరు లేచే క్షణంలో కరెంటు ఒక్కసారి కుంగుతుంది. దినమంతా ఒకసారి లేచి నడిచే మోటరైతే ఎవరి కంటా పడేది కాదు. ఇది గంటకొకసారి లేస్తోంది. గట్టి డబ్బాలు ఆ కుంగుకు తట్టుకుంటున్నాయి. కరెంటును కాసేపు పట్టి ఉంచే కెపాసిటర్లు ముసలివైపోయిన మూడూ తట్టుకోవడం లేదు.

"డబ్బాలకు కొత్త కెపాసిటర్లు తెప్పిచ్చాల. బెంగళూరు నుంచి రావాల" అన్నాడు కృపాకుమారితో. "ఆదివారం లోపల కాదు."

"అయితే పోయినట్లేనా మామా?"

"పుల్లన్న బోరు ఊరేటప్పుడు మీరు కొట్టండి. బోరు పోసేటప్పుడు డబ్బాలు ఆపి పుస్తకం చదువుకోండి."

అప్పటికప్పుడు ఐదింటిలోనూ ప్రతి ఐదు నిమిషాలకూ అడగకుండానే పని దాచుకునేట్టు మార్చాడు. పుల్లన్న తన టైమరు వేళలు చెప్తే లహరి వాటిని అట్టముక్క మీద రాసి తలుపుకు కట్టింది. ఆదివారం ఎర్రన్న, మరో నలుగురు పెద్దలు వచ్చి ముప్పావుగంట నిలబడి చూశారు. ఒక్కటీ ఆరలేదు. అట్ట చదివి ఎర్రన్న మీసం దువ్వుకున్నాడు.

"నేను గంట కొడితే ఆరాధనకు రారు గానీ, పుల్లన్న బోరు చెప్తే మాత్రం టంచనుగా వస్తారే మీరు! సరే, జూన్ దాకా ఉండనీ. మల్లా ఒక్కసారి ఆరినాయంటే మాత్రం నాకు చెప్పాకండి, ఆటోవానికి చెప్పండి."

బస్సు కోసం పేర్లిచ్చిన ఇద్దరిలో ఒక పిల్ల పేరు కొట్టేయించుకుంది. రెండో పిల్ల వెళ్ళిపోయింది.

కెపాసిటర్లు మార్చిలోనే వచ్చాయి. క్లాసు ఎట్లాగూ నడుస్తోంది కదా అని హజరత్ వలి వాటిని సొరుగులో వేసి వేరే పనుల్లో పడ్డాడు. ఏప్రిల్ చివర ఒక మధ్యాహ్నం కృపాకుమారి ఫోను చేసింది. గొంతులో సంతోషం.

"మామా, క్లాసు ఇప్పుడు ఒకే బిగిన గంటంబావు నడుస్తాంది! మధ్యలో ఆపే పని లేదు."

"పుల్లన్న టైమరు మార్చినాడా?" అన్నాడు.

"ఊ... ముక్కాల్గంటకు ఊరడం లేదంట." తర్వాత ఆమె గొంతు మారింది. "నేను ఆ పక్క ఆలోచించలేదు మామా."

"మనిద్దరమూ ఆలోచించలేదులే. రేపు వస్తాండా."

మర్నాడు టంకం పెట్టె, కెపాసిటర్ల పొట్లం తీసుకుని పోయాడు. పొద్దుటి నుంచీ గది గడపలో కూర్చుని మూడు డబ్బాల కరెంటు పెట్టెలు విప్పి, తల ఉబ్బిన పాతవి పీకి, కొత్తవి అతికించాడు. మధ్యాహ్నానికి ఐదింటినీ వెలిగించి, అందరినీ టైపు చేస్తూనే ఉండమన్నాడు. ఎర్రన్న కూడా వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. పుల్లన్న గోడ అవతల, తొట్టి దగ్గర.

ఇక మోటరు లేవాలి.

ఒకటిన్నరకు లేవాల్సింది లేవలేదు. "నీళ్ళు అందలేదప్పా, మోటరు కాలకుండా మీట పెట్టినా, నీళ్ళు పైకొచ్చే దాకా లేయదు" అని పుల్లన్న కేకేశాడు. పది నిమిషాలు గడిచాయి. ఇరవై. పిల్లల వేళ్ళ చప్పుడొక్కటే వినిపిస్తోంది.

"ఇంగ లేయకుంటే మీకు నిమ్మళమే కదబ్బా, కంప్యూటర్లు ఎప్పటికీ ఆరవు" అన్నాడు ఎర్రన్న. ఎవరూ నవ్వకపోయేసరికి తనే తల దించుకున్నాడు. కృపాకుమారి కిటికీ ఊచలు పట్టుకుని తోట వైపే చూస్తోంది.

ఫ్యాను రెక్కలు కుంగాయి. ఐదు తెరలూ ఒక్క రెప్పపాటు మసకబారి, అట్లాగే నిలబడ్డాయి. లహరి తల కూడా ఎత్తలేదు, మూడో నంబరు మీద ఏదో వాక్యం నడుమన ఉంది. ఎర్రన్న తలుపుకున్న అట్టను విప్పి బల్ల మీద పెట్టాడు.

హజరత్ వలి బయటికి వచ్చాడు. పైపు మొదట గాలి కక్కింది. తర్వాత ఎర్రటి బురద, ఆ తర్వాత సన్నటి ధార. పుల్లన్న దాని కింద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"మీ పని అయినాదా సాయిబూ?"

"అయినాది. నీది?"

"చూడాల, ఎంతసేపు పోస్తాదో." పుల్లన్న పక్కకు జరిగాడు. "చేతులు నల్లగుండాయి. కడుక్కోప్పా."

హజరత్ వలి టంకం మసి పట్టిన చేతులు చూసుకున్నాడు. రెండు వేళ్ళు తడుపుకుని, వంగి కాలువలోని మట్టితో రుద్దుకున్నాడు.

"చాల్లే. చెట్లకు పోనీ" అన్నాడు.