ఇద్దరూ కలిసి రండి

తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కన, ఇంటి సామాన్లు దాచిపెట్టే గోడౌన్‌లో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. ఇల్లు కట్టుకునేవాళ్లు, ఊరు మారేవాళ్లు ఒక గది అద్దెకు తీసుకుని మంచాలు, బీరువాలు అందులో పెట్టి తాళం వేసుకుపోతారు. గది ఎవరి పేరున ఉంటే వాళ్లే వచ్చి సంతకం పెట్టాలి. అలిగిన భార్యలు భర్తకు తెలియకుండా సామాన్లు ఎత్తుకుపోయిన గొడవలు చూసి చూసి, నేను ఆ విషయంలో రాయిలా తయారయ్యాను.

ఒక వేసవి ఉదయం ఒకామె తాళంచెవి పట్టుకుని వచ్చింది. గది భర్త పేరున ఉంది.

"మా ఆయన లేడు సార్. లోపల ఒక్క ఫోటో ఉండాది, తీసుకుని పోతాను."

"లేకుంటే, వచ్చినాక ఇద్దరూ కలిసి రండమ్మా. ఇట్లాంటి సాకులు రోజూ వింటానే ఉండాం," అన్నాను.

వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. ఆ నవ్వు నాకు బాగుండింది కూడా.

"ఇంక రాడు సార్. రేపు ఆయన కర్మక్రియలు. దండ వేసేదానికి ఉండే ఫోటో అదొక్కటే."

నవ్వులు ఆగిపోయాయి. మేనేజరుకు ఫోన్ చేశాను. మరణ ధ్రువపత్రం లేనిదే తలుపు తీయొద్దన్నాడు. ఆ మాటా నా నోటితోనే చెప్పి పంపించాను.

నెల తర్వాత ఆమె కాగితంతో వచ్చింది. ఫోటో మీది దుమ్ము కొంగుతో తుడిచి, గుండెకు ఆనించుకుని, రిజిస్టరులో సంతకం పెట్టింది.

"మీరు చెప్పినట్టే, ఇద్దరం కలిసే పోతా ఉండాం సార్."

అప్పటినుంచి ఎవరైనా "లేడు" అంటే, ఎక్కడికి వెళ్లాడని అడగడానికి నాకు నోరు రావడం లేదు.