వదినకి నేనే షిఫ్ట్

మొన్న ఆదివారం వీడియోకాల్లో మాట్లాడుతుండగా పెద్దదాని మౌసు ఆగిపోయింది, గుర్తుందా? సరిగ్గా కాలేజీకి ఏదో పంపాల్సిన టైములో. "ఇంక అయిపోయినట్టే అమ్మమ్మా" అని మొహం వేలాడేసింది. ట్యాబ్ నొక్కుకుంటూ వెళ్ళు, కావలసిన చోటికి రాగానే ఎంటర్ కొట్టు అన్నాను. పని అయిపోయింది. చిన్నవాడు మాత్రం, దోసెలు పోసుకునే మనిషి విమానం నడిపేసినట్టు నావైపు చూశాడు. ఆ మధ్యలో పెద్దది కంగారుగా షిఫ్ట్ కీని టకటకా కొట్టేసరికి టింగుమని తెర మీదికి ఒక పెట్టె వచ్చింది. "అబ్బా, మళ్ళీ ఇదొకటి!" అని చదవకుండానే ఎస్కేప్ కొట్టి తరిమేసింది. ఎందుకో మనసు చివుక్కుమంది నాకు. ఆ పెట్టె ఒకప్పుడు మన ఇంటికి చుట్టంలా వచ్చింది. దాన్ని లోపలికి రమ్మన్నది మా వదిన.

వదినంటే మీ తాతయ్య అక్క. మీకు ఊహ తెలియకముందే పోయింది. రేపల్లెలో వాళ్ళింటి ముందు గదిలోనే టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేది. వీధిలోకి అడుగు పెడుతూనే రేకుల మీద వాన పడుతున్నట్టు చప్పుడు, లోపల కార్బన్ పేపరూ మెషిన్ ఆయిలూ కలిసిన వాసన. పిల్లలు కీల వంక చూడకుండా వాళ్ళ చేతుల మీద తువ్వాలు కప్పేది. "చేతులు ఇల్లు వదిలి తిరక్కూడదు, కళ్ళు కాగితం వదిలి తిరక్కూడదు" అనేది. చేతులకి ఇల్లంటే మధ్య వరస కీలు. కంప్యూటర్లు వచ్చి మిషన్లు మూలపడితే, కుంగిపోకుండా తనూ ఒకటి కొనుక్కుంది. కానీ మౌసు కోసం చెయ్యి కీల మీంచి తీయడమంటే ఆవిడకి వంట మధ్యలో వీధిలోకి వెళ్ళొచ్చినట్టు. దాన్ని వైరుతో సహా చుట్టి సొరుగులో పడేసింది. ఫైలు తెరవడం, మూయడం, ప్రింటు తీయడం, అన్నీ కీలతోనే. మన ఇంట్లో ఎవరి పెళ్ళయినా శుభలేఖ ఆవిడే కొట్టాలి. అదొక ఆనవాయితీ అయిపోయింది. మీ అమ్మ పెళ్ళి కార్డు కూడా ఆవిడ కొట్టిందే.

తర్వాత పక్షవాతం వచ్చి వదిన కుడిచెయ్యి పడిపోయింది. తెనాలిలో మన ఇంటికి తీసుకొచ్చేశాం. కంప్యూటరు కూడా ఆవిడతోపాటే వచ్చింది, మంచం పక్కన పెట్టించుకుంది. ఎడమచేత్తో ఒక్కో అక్షరం కొట్టగలిగేది కానీ, తెలుగులో సగం అక్షరాలకి షిఫ్ట్ పట్టుకుని రెండో కీ కొట్టాలి. రెండూ ఒకేసారంటే ఆ చేతికి అందేది కాదు. శుభలేఖ అన్న మాట రాయాలన్నా మూడుసార్లు షిఫ్ట్ కావాలి. అందుకని నేను పక్కన స్టూలేసుకుని కూర్చునేదాన్ని. ఆవిడ "ఊఁ" అంటే నేను షిఫ్ట్ నొక్కాలి, "చాలు" అంటే వదలాలి. పొయ్యి మీద పప్పు గుర్తొచ్చి ఒక్క క్షణం ఆలస్యమైతే చాలు, "అమ్మాయ్, నీ వేలు దుగ్గిరాల దాకా వెళ్ళొచ్చిందా?" అనేది. తిట్లు తిన్నా ఆ స్టూలు మీద కూర్చోవడం నాకు బాగుండేది. అంత దగ్గరగా ఆవిడ నన్నెప్పుడూ కూర్చోబెట్టుకోలేదు మరి.

అలా ఉండగా మీ బాపట్ల చిన్నతాతయ్య, అంటే మా మరిదిగారు, వాళ్ళమ్మాయి పెళ్ళి కుదిరిందని వచ్చారు. కాఫీ తాగి, గొంతు తగ్గించి, "అక్కయ్యా, నువ్వు ఇబ్బంది పడొద్దు. శుభలేఖ సంగతి ఇక్కడ షాపులో చెప్పేశాను, గంటలో ఇచ్చేస్తారు" అన్నారు. ఆయన మంచికే అన్నారు. మాట తోచనప్పుడు షిఫ్ట్ కీని వేలితో దరువేయడం వదినకి రేపల్లెలో టైపు మిషన్ల నాటి నుంచీ అలవాటు. అలాగే వేసింది. టింగుమని పెట్టె వచ్చింది. మరిదిగారు దాన్ని మూసేద్దామని చెయ్యి చాపారు. బల్ల మీద మౌసు ఉంటేగా!

"ఉండరా. ఏదో అడుగుతోంది" అని వదిన కళ్ళజోడు సర్దుకుంది. ఇంగ్లీషులో ఉన్నదంతా నిదానంగా చదివింది. రెండు కీలు కలిపి నొక్కాల్సిన చోట ఒకదాని తర్వాత ఒకటి నొక్కినా ఒప్పుకుంటాను, సరేనా అంటోందట. ఎంటర్ కొట్టింది. షిఫ్ట్ నొక్కి వదిలేసింది. వేలు తీరిగ్గా ఇంకో కీ దాకా నడిచింది. శ పడింది.

"ఒరేయ్, ఆ షాపాయనకి వద్దని చెప్పు."

"నా బండి టైమవుతోంది అక్కయ్యా."

"బాపట్లకి ఇదొక్కటే బండా? కూర్చో. మీ వదిన వంకాయ కూర చేస్తుంది."

వంకాయల మాట మర్చిపోయి నేను అలవాటుగా స్టూలు లాక్కున్నాను. ఆవిడ భ కోసం వెతుకుతుంటే సాయంగా షిఫ్ట్ పట్టుకున్నాను. ఆవిడ కొట్టింది. టింగుమంది, ఆ ఏర్పాటు కాస్తా పోయింది. రెండు కీలు ఒకేసారి పడితే, ఈ మనిషికి నా అవసరం లేదులే అనుకుని వెళ్ళిపోతుందట అది.

"సాయం చేయకే తల్లీ, అది అలుగుతోంది!" అంది వదిన, మళ్ళీ షిఫ్ట్ మీద దరువేసి దాన్ని వెనక్కి పిలుస్తూ. మరిదిగారికి నవ్వాగలేదు. నేనూ నవ్వాను. నవ్వుతూనే లేచి వంటింట్లోకి వెళ్ళాను. వంకాయలు తరుగుతుంటే చేతులు మరీ ఖాళీగా అనిపించాయి.

ఆ పూట ఒక బండి పోయింది, రెండోదీ పోయింది. పొద్దు వాలాక ప్రింటు వచ్చింది. మరిదిగారు రెండుసార్లు చదువుకుని, "తప్పుల్లేవక్కయ్యా" అన్నారు. "తప్పులుంటే నేను కొట్టినట్టెలా అవుతుందిరా?" అంది. తర్వాత నన్ను పిలిచి కాగితం ముందుకు జరిపింది. "పసుపు నువ్వు పెట్టు. నాలుగు మూలలకీ సమంగా పెట్టాలి, నా చెయ్యి వణుకుతుంది" అంది. వణికే చెయ్యి అంత పొడుగు శుభలేఖ ఎలా కొట్టిందని నేను అడగలేదు. స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను.

అందుకే అమ్మలూ, ఆ పెట్టె ఈసారి వస్తే తరిమేయకుండా ఒక్కసారి చదవండి. వదిన పోయి ఇన్నేళ్ళయినా, ఎవరైనా "ఊఁ" అంటే నా వేలు ఇప్పటికీ చిన్నగా కదులుతుంది. మనం ఎప్పుడో నొక్కి వదిలేసిన కీని కూడా, తర్వాతి వేలు వచ్చేదాకా కాలం అలా పట్టుకునే ఉంటుందేమో.