తూర్పింట్లో పెట్టిన పెట్టె

మొన్న బెంగుళూరు కుందలహళ్ళిలో అద్దెకుంటున్న మా అక్క కూతురి ఇంటికి వెళ్ళేసరికి, ఆ పిల్ల బాలి ద్వీపానికి ప్రయాణమై సామాను సర్దుకుంటోంది. సర్దుకోవడమంటే మన తరానికి తెలిసిన సర్దుకోవడం కాదు. పొయ్యి మీద కాఫీకి పెట్టిన పాలు పొంగేలోపల, బడిపిల్లల సంచీ అంత సంచీలోకి కాసిని బట్టలూ ఫోను ఛార్జరూ కుక్కేసి, జిప్పు లాగేసి, అయిపోయింది మామయ్యా అంది. గొడుగేదమ్మా, దోమల మందేదమ్మా, అక్కడ రోజూ మధ్యాహ్నం ఆకాశానికి చిల్లు పడుతుందట కదా అని నేను అందుకోబోతే, "అన్నీ అక్కడే దొరుకుతాయి మామయ్యా, మీరు టెన్షన్ పడకండి" అని నా చేతిలో కాఫీ పెట్టి నోరు మూయించింది.

విదేశ ప్రయాణం అన్న విషయం మీద నా నోరు మూయించిన మనిషి ఈ భూమ్మీద అంతవరకూ పుట్టలేదు. ఎందుకంటే పెళ్ళి కాక ముందు నేను మెజెస్టిక్ దగ్గర ఒక మేడమెట్ల కింద ఉన్న ట్రావెల్స్ ఆఫీసులో పనిచేశాను. ఆఫీసంటే రెండు కుర్చీలూ, తిప్పితే కీచుమనే ఒక గ్లోబూనూ. మలేషియా, సింహళం లాంటి వేడి దేశాలకు టికెట్ కొన్నవాళ్ళకు ఏమేం తీసుకెళ్ళాలో చెప్పడం నా ఉద్యోగం. అప్పటికి నేను హొసకోటె దాటి ఎరగను. అయినా కౌలాలంపూరు ఉక్కపోతను నేను వర్ణిస్తుంటే, ఫ్యాను కింద కూర్చున్న పెద్దమనుషులు జేబురుమాళ్ళు తీసి మెడలు తుడుచుకునేవారు. పట్టుబట్టలు వద్దు, పల్చటి నూలుబట్టలు చాలు. తడిస్తే తొందరగా ఆరే చెప్పులు వేసుకోండి. మూత కట్టిన సీసా నీళ్ళే తాగండి. మాత్రలతో పాటు డాక్టరు చీటీ ఉంచుకోండి. అక్కడి ప్లగ్గుకు మూడు చదరపు పళ్ళుంటాయి, దానికి సరిపడేది ఇక్కడే కొనుక్కోండి. అన్నిటికంటే ముఖ్యం, పాస్‌పోర్టు ఎప్పుడూ ఒంటిమీదే ఉండాలి, దాని నకళ్ళు వేరే చోట ఉండాలి అని నేను ఏకరువు పెడుతుంటే, మా యజమాని నన్ను ప్రపంచమంతా కాలినడకన చుట్టివచ్చిన వాడిలా చూసేవాడు.

ఇంత విద్యా నా సొంతవాళ్ళకు పనికొచ్చే రోజు వచ్చింది. హలసూరులో మా పెదనాన్నా పెద్దమ్మా ఉండేవారు, నేనూ అప్పుడు వాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. పెదనాన్నకు చిక్కపేటలో చీరల టోకు దుకాణం. చిల్లర పని ఆయన ఒంటికి పడదు. పది ఇడ్లీలు కావాలంటే హోటలు వాణ్ణి గుండిగకు రేటు అడిగే రకం. పెద్దమ్మది చిత్తూరు వైపు పల్లె. ఆవిడ అక్కను చిన్నవయసులోనే మలేషియా కొబ్బరితోటల్లో స్థిరపడిన మనవాళ్ళ కుటుంబానికి ఇచ్చారు. వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు. పండగలకు ఫోన్లు వచ్చేవి. ఆ చివర ఆవిడా ఈ చివర ఈవిడా ఏడవడంతోనే నిమిషాలన్నీ అయిపోయేవి. ఒకనాడు ఆవిడ కొడుకు ఫోన్ చేసి, అమ్మ ఆసుపత్రిలో ఉంది, చూడాలనుంటే తొందరగా రండి అన్నాడు.

వీసాకు పరుగులు పెట్టించి, శనివారం మధ్యాహ్నం విమానానికి టికెట్లు తీయించాను. మా వీధిలో తయారీ మొదలైంది. జన్మలో రాష్ట్రం దాటని వాళ్ళంతా వచ్చి విదేశాల గురించి సలహాలిచ్చారు. ఒకావిడ అక్కడ ఉప్పు దొరకదేమోనంది. సముద్రం మధ్యలో ఉన్న దేశంలో! పెదనాన్న తెప్పించిన దోమల చుట్టలన్నీ ఒక్కసారి అంటిస్తే మలేషియాలో దోమలే కాదు, ఏనుగులూ వలస పోయేవి. నేను గొడుగన్నాను, ఆయన గొడుగుల కట్ట తెప్పించాడు. రాగిపిండి, చింతపండు, సీకాయపొడి, అక్క కోసం చీరలు అన్నీ కూరి పెట్టె మూయడానికి చిక్కపేట హమాలీ ఒకడు దాని మీద కూర్చోవలసి వచ్చింది. ఈ సందడిలో పెద్దమ్మ మాత్రం గోడకానుకుని, నన్నే అడుగుతుండేది: "ఏమప్పా, మా యక్క నన్ను గుర్తు పడతాదా? పోయేటప్పుడు నాకు రెండు జడలు ఉండె."

అంతలో పెదనాన్న పంచాంగం తీశాడు. శనివారం తూర్పుకు శూల, అటు బయల్దేరకూడదు. మలేషియా తూర్పునే ఉంది. ఆ గ్లోబు కీచుమంటూ అదే చెప్పింది. దీనికి విరుగుడు మన తరానికి చెప్పనక్కర్లేదు, పరస్థానం. మంచి ఘడియలో మన సామాను ఒకటి ఇల్లు దాటించి, వెళ్ళే దిక్కున ఉన్న మరొకరి ఇంట్లో ఉంచితే ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క; మర్నాడు దారిలో దాన్ని తీసుకుని పోవడమే. నలుగురూ అయితే ఒక సంచీయో తువ్వాలో పెడతారు. టోకు వ్యాపారి తువ్వాలు పెడతాడా? పెట్టె మొత్తం మోయించాడు. అంతటితో ఆగక, దేశం దాటించేది పాస్‌పోర్టు గనక అసలు గడప దాటవలసింది అదేనని, నేను వద్దు వద్దంటున్నా వినకుండా రెండు పాస్‌పోర్టులూ అందులోనే వేసి, శుక్రవారం రాహుకాలానికి ముందే తూర్పింటి వాళ్ళ వసారాగదిలో దింపించాడు. నకళ్ళు మాత్రం నా మాట ప్రకారం తీయించాడు. అవి బియ్యం డబ్బాలోనూ దేవుడి పటం వెనకా కూడా ఉన్నాయి.

ఆ సాయంత్రం తూర్పింటాయన బావమరిది పోయాడని హొసకోటె అవతల పల్లె నుంచి కబురొచ్చింది. ఉన్నపళాన ఇల్లు తాళం వేసి, ఆ తాళంచెవి మాకిచ్చి పోదామని వాళ్ళు మా గుమ్మంలో కాసేపు నిలబడ్డారట. ఆ సమయానికి మేమంతా, ప్రయాణం క్షేమంగా జరగాలని గుడిలో అర్చన చేయిస్తున్నాం.

శనివారం పొద్దున పెట్టె కోసం వెళ్తే తలుపుకు తాళం. ఎక్కడికి పోయారో పాలవాడు చెప్పాడు. సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోనూ లేని కాలం. వాళ్ళ నంబరుకు చేస్తే తాళం వేసిన ఆ ఇంట్లోనే గంట మోగి గోడలోంచి మాకే వినబడింది. పెళ్ళయినప్పటి నుంచీ గొంతు పెంచి ఎరగని పెద్దమ్మ అప్పుడు పెంచింది.

"బీగం పగలగొట్టండప్పా. కొత్తది నేను ఇప్పిస్తా."

"సావుకు పోయిండారే వాళ్ళు," అన్నాడు పెదనాన్న. "మనుషులు లేని ఇంట్లోకి దూరితే రేపు వాళ్ళ మొగం ఎట్ల చూసేది?"

నన్ను కారెక్కించుకుని హొసకోటె దారి పట్టాడు. ఆ దారిలో లారీలన్నీ మాకోసమే పుట్టినట్టు అడ్డం పడ్డాయి. తీరా వెళ్తే శవం ఇంకా వాకిట్లోనే ఉంది. చిక్కపేటలో బేరం కుదరకపోతే మూడు వీధులకు వినబడేలా అరిచే మనిషి, అక్కడ చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. తాళంచెవి అడుగు పెదనాన్నా అని నేను మోచేత్తో పొడుస్తున్నా, శవం లేవనీరా అన్నాడు. లేచింది. నాలుగడుగులు వెంట నడిచి, అప్పుడు అడిగాడు. తాళంచెవి చేతిలో పడి మేము కారు దగ్గరికి వచ్చేసరికి, విమానం ఒకటి మా నెత్తిమీదుగా తూర్పుకు పోయింది. పెదనాన్న చేతిగడియారం చూసుకుని, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

ఇంటికొస్తే పెద్దమ్మ తూర్పింటి మెట్టు మీద కూర్చుని ఉంది, నేను చెప్పినట్టే నూలుచీరా, తడిస్తే ఆరే చెప్పులూ వేసుకుని. మర్నాడు పొద్దున ఫోన్ వచ్చింది. పోయేదాకా అమ్మ బెంగుళూరు విమానం వచ్చిందా అని అడుగుతూనే ఉండింది అని ఆ కొడుకు ఏడ్చాడు. పెద్దమ్మ అక్క కోసం కూరిన చీరలు పెట్టెలోంచి ఒక్కొక్కటే బయటికి తీసింది. పెదనాన్న బతికినన్నాళ్ళూ పంచాంగం తప్పు లేదనీ, మా గోడగడియారం కాస్త వెనక నడిచి ఘడియ దాటిపోయి ఉంటుందనీ వాదించాడు. ఆ వాదనకు అడ్డం చెప్పే పాపం మేమెవ్వరం మూటగట్టుకోలేదు.

ఇప్పుడు పరస్థానం పెడదామన్నా పెట్టెను ఉంచుకునే తూర్పిల్లు ఎక్కడుంది? మా అక్క కూతురికి ఎదుటి ఫ్లాట్‌లో ఎవరుంటారో తెలియదు. మలేషియాకు ఇప్పుడు వీసా కూడా అక్కర్లేదట, టికెట్టు కూర్చున్న చోటికే వస్తుంది. ఆ పిల్ల ఇంటి నుంచి నేరుగా హలసూరు వెళ్ళి, ముసలిదైపోయిన మా పెద్దమ్మతో, ఇప్పుడైనా ఒకసారి తీసుకెళ్తాను రా అన్నాను. ఆవిడ నా వైపు జాలిగా చూసి, "ఆడ ఎవురుండారప్పా? పోయి ఎవురింట్లో దిగేది?" అంది.

నిజమే. ఆ కొడుకూ పోయాడు. మనవలు అప్పుడప్పుడు ఫోన్‌లో మొహాలు చూపించి చేతులూపుతారు, ఈవిడా ఊపుతుంది. వాళ్ళకు తెలుగు రాదు, ఈవిడకు అది తప్ప మరొకటి రాదు. ఎన్ని దేశాలకు ఎందర్ని సాగనంపానో లెక్కలేదు గానీ, మాకంటూ ఉన్న ఆ ఒక్క పరాయి ఊళ్ళో, ఎప్పుడొచ్చినారు, కాళ్ళు కడుక్కోండి అనే గొంతు ఇప్పుడు ఒక్కటీ లేదు.