మిస్ ఒడెస్సా నేర్పిన ఒక్క మాట

"మళ్ళీ పంపిందా? అయ్యో, ఆ బల్ల మీద పెట్టకు చెల్లీ. వాసనొస్తే తినేస్తాను. తిన్నాక అద్దంలో నా మొహం నేనే చూసుకోలేను."

మెట్లెక్కి వచ్చినదాన్ని మూతపెట్టిన గిన్నెతో గుమ్మంలోనే ఆగిపోయాను. కొబ్బరిపాలలో అలసందలూ ఉప్పుమాంసమూ వేసి వండిన కుకప్ అన్నం అది. శనివారం కదా, కంచె అవతలి యూలలీ పొయ్యి మీంచి దించగానే నా చేతికిచ్చింది. "పైన మీ ఇంటావిడకియ్యి. మా పిల్లని క్షమించమని చెప్పు" అంది. మిస్ ఒడెస్సా ఇంటి కింది వాటాలో అద్దెకుంటాను కాబట్టి ఇలాంటి రాయబారాలన్నీ నా నెత్తినే పడతాయి.

"క్షమించమందా?" అంది ఒడెస్సా.

"అంది."

"ఈసారి కూడానా!" అని ఆమె కుర్చీలో కూలబడింది.

వంటింటి గట్టు మీద ఇంతకుముందు వచ్చిన రెండు గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి. మా సందులో గిన్నె ఖాళీగా వెనక్కి పోదు. ఒడెస్సా అయితే పైనాపిల్ టార్టులు పెట్టి పంపుతుంది. ఈసారి పిండి కలపడానికి ఆమెకు చెయ్యి రాలేదు, గిన్నెలు అక్కడే ఉండిపోయాయి.

ఈ లిండెన్ ఊళ్ళో ఒడెస్సా సెంపుల్ గొంతు ఎరగనివాళ్ళు లేరు. చాలా ఏళ్ళు ఊరి టీవీలో సాయంత్రంపూట చావు కబుర్లు చదివింది ఆమే. "అందరూ కోడిమెడ అని ముద్దుగా పిలుచుకునే ఆల్బర్ట్ బెన్ గారు..." అని ఆమె మొదలుపెడితే, బతికుండగా ఎవరికీ పైసా విదల్చని కోడిమెడ కూడా పెద్దమనిషైపోయేవాడు. దారిలో ఎదురైన ముసలాళ్ళు, "ఒడెస్సా, ఈ వారం నా పేరు చదవకే తల్లీ" అనేవాళ్ళు. "మీరు నా మాట వింటే కదా" అనేది ఆమె.

భర్త బాక్సైట్ గనిలో చేసేవాడు. కంపెనీ మనుషుల్ని తీసేసినప్పుడు బంగారం తవ్వడానికి అడవికి పోయి, జ్వరంతో తిరిగొచ్చి, ఆ ఏడే పోయాడు. ఆయన కబురూ ఆమే చదివింది. గొంతు వణకలేదని ఊరు మెచ్చుకుంది. "వణికుంటే బాగుండేది. ఏడవాల్సిన చోట కూడా చక్కగా చదవడమే వచ్చింది నాకు" అని నాతో ఒకసారి అంది.

కంపెనీ పాత గోదాములో కాల్ సెంటర్ పెట్టినప్పుడు ఆ గొంతే ఆమెను లోపలికి తీసుకుపోయింది. మొదట్లో గోదాములో ఒక మూలకే చల్లగాలి యంత్రం ఉండేది, నాలుగు వరసల సీట్లు ఉండేవి. తర్వాత గోడలు కొట్టేశారు, మేడ వేశారు. ఇంటికో పిల్లో పిల్లాడో అక్కడ చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని, ఎన్నడూ చూడని దేశం వాళ్ళ బ్యాంకు కార్డుల గురించీ చెడిపోయిన కార్ల గురించీ మాట్లాడుతున్నారు. నాన్నలు ఎర్రదుమ్ముతో ఇంటికొచ్చిన ఊళ్ళో పిల్లలు మెడలో బ్యాడ్జీతో వస్తున్నారు. మినీబస్సు కండక్టరు వాళ్ళ యాసతోనే వాళ్ళని ఏడిపిస్తాడు: "థాంక్యూ ఫర్ కాలింగ్, మేడం! మీ మోకాలు కాస్త జరుపుతారా?"

ఆ యాస నేర్పేది ఒడెస్సాయే. కొత్తగా చేరినవాళ్ళ నోట్లోంచి మనం ఇంట్లో మాట్లాడే క్రియోల్ మాటలు ఏరెయ్యడం ఆమె పని. బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరేది. పక్క సందు పిల్లల్ని పట్టుకెళ్ళి ఉద్యోగంలో పెట్టించేది కూడా ఆమే. యూలలీ కూతురు కెజియా అలా చేరిన పిల్లే.

"ఒక్క మాట మాత్రం ఏరలేదు చెల్లీ" అంది, నేను ముందు పెట్టిన గిన్నె మూత మీద అరచెయ్యి ఆనించి. మూత తియ్యలేదు. "ఏరకపోవడం కాదు. నేనే వాళ్ళ నోట్లో పెట్టాను."

దారిలో కారు ఆగిపోయినవాళ్ళు ఫోన్ చేస్తే సాయానికి బండి పంపే కాంట్రాక్టు అది. బండి ఎప్పుడొస్తుందని అడిగితే 'షార్ట్‌లీ' అనాలని కాగితంలో ఉంది, త్వరలోనే అని దానర్థం. పిల్లలు ఆ మాట దగ్గర కర్రలా బిగుసుకుపోయేవాళ్ళు.

"నేనేమన్నానో తెలుసా? 'ఎందుకర్రా అంత కష్టపడతారు? జస్ట్ నౌ అనండి. రెండూ ఇంగ్లీషు మాటలే కదా. వినడానికి ఆప్యాయంగా ఉంటుంది' అన్నాను. కెజియా బుద్ధిగా 'షార్ట్‌లీ' అంటే, 'ఏంటమ్మా ఆ పోలీసు గొంతు!' అని అందరిముందూ ఎగతాళి చేశాను."

మా దగ్గర జస్ట్ నౌ అంటే కాసేపట్లో అని. ఆ కాసేపు ఎంతో ఎవరూ అడగరు. వడ్రంగి జస్ట్ నౌ వస్తానంటే వాన వెలిశాక వస్తాడు. పడవవాడు జస్ట్ నౌ అంటే పడవ నిండాకే తీస్తాడు. పుట్టిన దగ్గర్నుంచీ వింటున్న మాట కాబట్టి అందరికీ అదే అర్థమని ఒడెస్సా అనుకుంది. క్రియోల్ మాటల్ని పట్టుకోవడం ఆమెకు తెలుసు. ఈ మాట ఇంగ్లీషు బట్టలేసుకుని ఆమె ముందునుంచే దర్జాగా నడిచిపోయింది.

ఓ రోజు కెజియాకి ఫోన్ చేసినావిడ మంచు కురుస్తున్న రోడ్డు మీద ఉంది. "బండి జస్ట్ నౌ వస్తోంది మేడం" అంది కెజియా. వాళ్ళ దేశంలో ఆ మాటకి ఇప్పుడే, ఈ క్షణమే అని అర్థం; బండి మలుపు దాకా వచ్చేసిందనుకుంది ఆవిడ. అంతలో ఎవరో లారీ ఆపి ఎక్కించుకుంటానంటే, "వద్దులే బాబూ, నా బండి వచ్చేస్తోంది" అని పంపేసింది. కారు దిగి రోడ్డు పక్కన నిలబడింది. బండి మాత్రం మన జస్ట్ నౌ ప్రకారమే వచ్చింది. ఆ చలికి ఆవిడ ఆస్పత్రిలో చేరింది.

"ఇప్పుడెలా ఉంది ఆవిడకి?" అన్నాను.

"తగ్గిందన్నారు. తగ్గిందని వాళ్ళన్నారు. నేను విన్నానా, చూశానా?"

ఆ సంగతి బయటపడ్డాక మేనేజరు రామ్‌కెల్లావన్ ఒడెస్సానీ కెజియానీ గదిలోకి పిలిచాడు. తెర మీద ఆ దేశపు దొరలున్నారు. రికార్డు వినిపించారు. ఈ మాట ఈ అమ్మాయికి ఎక్కడిదని అడిగారు.

"కెజియా నావైపు చూసింది. ఒక్కసారే. మళ్ళీ తల దించేసుకుంది. నేను నా చావు కబుర్ల గొంతుతో అన్నాను, 'ఆ మాట శిక్షణ కాగితంలో లేదండీ' అని." మూత మీంచి చెయ్యి తీసేసింది. "అబద్ధం కాదు చెల్లీ. కాగితంలో లేదు."

నేను గట్టు మీది గిన్నెలకేసి చూశాను.

"ఏదో ఒకటి అనవే! ముసలిదానా, సిగ్గులేదా అను."

"మీరే అంటున్నారుగా, మధ్యలో నేనెందుకు?"

ఒడెస్సాకు నవ్వొచ్చింది కానీ నిలబడలేదు. "ఊరికోసమని సర్దిచెప్పుకున్నాను. వాళ్ళు ఇంకో వంద సీట్లిస్తామంటున్నారు. శిక్షణే తప్పని తెలిస్తే ఇంకో దేశానికి పోతారు, ఇంకో వంద ఇళ్ళు ఎండిపోతాయి అనుకున్నాను. నిజమే అది. కానీ ఆ నిమిషంలో నాకు ఊరు గుర్తుకు రాలేదు. నా కుర్చీ గుర్తొచ్చింది. మెట్లు దిగాకే ఊరు గుర్తొచ్చింది."

కెజియాని అదే రోజు తీసేశారు. గేటు దగ్గర ఒడెస్సా ఆమె చెయ్యి పట్టుకోబోతే, "పర్లేదు ఆంటీ" అని ఆ పిల్ల బస్సెక్కేసింది. ఇంట్లో తప్పు తనదేనని చెప్పింది. ఉద్యోగం ఇప్పించిన మనిషి పేరు కూతురు చెడగొట్టిందని యూలలీ బాధ. అందుకే వారం వారం కుకప్.

"ఆ పిల్ల ఏం చేస్తోంది?" అని అడిగింది ఒడెస్సా, తెలిసి కూడా.

"బజార్లో వాళ్ళ పిన్ని బండి దగ్గర అరటికాయ చిప్స్ వేయిస్తోంది. యాసతో బేరమాడుతుంటే జనం నవ్వుతున్నారు."

"సోమవారం కొత్త జట్టు వస్తోంది. ఆ సీటు ఇంకొకళ్ళకిచ్చేస్తారు. వాళ్ళకి నేర్పాల్సింది నేనే." ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. కింద యూలలీ బట్టలు ఆరేస్తోంది. పైకి చూసి చెయ్యి ఊపింది. ఒడెస్సా చెయ్యి సగం లేపి దించేసింది. తర్వాత ఫోన్ తీసుకుంది.

"మిస్టర్ రామ్‌కెల్లావన్, ఒడెస్సానండీ... లేదు, ఒంట్లో బానే ఉంది. ఆ మాట నేర్పింది నేను. జస్ట్ నౌ. కెజియా 'షార్ట్‌లీ' అంటే ఎగతాళి చేసి మరీ అనిపించాను... అవును, ఆ రోజు మీ ముందు దాచాను."

అవతలినుంచి అతని మాట నాకూ వినబడింది. "ఇది సోమవారం ఆ దొరల ముందు చెప్పగలరా, మిస్ ఒడెస్సా? చెబితే ఆ పిల్ల సీటు కోసం నేను అడగ్గలను. మీ సీటు సంగతి మాత్రం నేనేమీ చెప్పలేను."

"చెబుతాను. ఆ పిల్ల సీటు ఎవరికీ ఇవ్వకండి."

ఫోన్ పెట్టేసి ఆమె కుకప్ గిన్నె దగ్గరికొచ్చింది. మూత తీసింది, చూసింది, మళ్ళీ పెట్టేసింది. గట్టు మీద బోర్లించిన రెండు గిన్నెలూ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇవి పట్టుకెళ్ళి యూలలీకియ్యి. ఖాళీగానే ఇయ్యి. టార్టులేవీ అంటే నన్నే అడగమను. ఈ కుకప్ నేను తెస్తాను, ఆవిడకి సంగతి చెప్పాక కూడా తినమంటే అక్కడే కూర్చుని తింటాను."

"మీరు జస్ట్ నౌ వస్తున్నారని చెప్పనా?" అలవాటుగా నా నోట్లోంచి వచ్చేసింది.

"ఆ మాటొద్దు!" అంది, గుమ్మం పక్కన చెప్పుల కోసం కాలితో వెతుకుతూ. "మెట్లు దిగుతోందని చెప్పు. ఇంకో మాట. కెజియా బజారుకి బయల్దేరుతుంటే ఆపు చెల్లీ. నేనొచ్చేదాకా ఆ పిల్లని గేటు దాటనియ్యకు."